చుక్కకు కుడిపక్క

పోయిన వారం మైథిలి ఫోన్ పెట్టేసి, హమ్మయ్య అనుకుని, సంతోష్‌నగర్ వెళ్ళే ఆటో ఎక్కింది. అక్కడ ఆపాం. ఆ హమ్మయ్య ఎంత తొందరపాటో ఈ వారం తెలుస్తుంది గానీ, ముందు ఆ ఫోన్ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి.

షాద్‌నగర్ అవతల తుమ్మలగూడ అని ఒక ఊరు. ఆ ఊరి చెరువు కింద ఈ యాసంగి పంటకు ఎంత వరి వేయొచ్చో మైథిలి క్లాసు లెక్క కట్టి ఇచ్చింది. క్లాసంటే ఫలక్‌నుమాలో ట్రస్టు వాళ్ళ కాలేజీ, ఎమ్మే రూరల్ ఎకనామిక్స్ రెండో ఏడు పిల్లలు. మైథిలి వాళ్ళకు ఆపరేషన్స్ రీసెర్చ్ చెబుతుంది. ఉన్న నీళ్ళివి, ఉన్న భూమి ఇది, ఏ పంట ఎంత వేస్తే ఊరికి మేలు అని కంప్యూటర్‌ని అడిగితే, కొసాకరి మడి దాకా వరే వేసుకోండి, ఇంకా నీళ్ళు మిగులుతాయి అని చెప్పింది. ఊరు నమ్మి నాట్లు వేసింది. తీరా వరి పొట్టకొచ్చే వేళకు చెరువు అడుగంటి, కొస మళ్ళు నెర్రెలిచ్చాయి. నాట్లు పడ్డాక పంట మార్చడం ఎవరి తరమూ కాదు. ఉండాల్సిన నీళ్ళు లేవంటే ఎవరో తిన్నట్టే కదా అని ఊరి పెద్ద రామచంద్రరావు జనాన్నంతా కూర్చోబెట్టి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి మైథిలిని అడిగాడు. "మా లెక్కలో తప్పు లేదండీ. తూము దగ్గర చూసుకోండి" అంది ఆవిడ.

తూము దగ్గర ఉండేది నీరటి సోమయ్య. చెరువు నీళ్ళు ఏ మడికి ఎప్పుడు వదలాలో చూసుకునే మనిషి. మైథిలి ఆయన పేరెత్తలేదు. ఎత్తనవసరం కూడా లేకపోయింది.

ఇక ఈ గురువారం మధ్యాహ్నానికి వద్దాం.

కాలేజీ రెండో అంతస్తులో ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం రావడం లేదు. కింద సందులో వెల్డింగ్ షాపుల చప్పుడు. ఆ చప్పుడు మీద గొంతు పెంచి పెంచి మైథిలికి ఈ మధ్య అన్నం మింగుతున్నా గొంతు నొప్పే. ఇరవై ఏళ్ళకు దగ్గర పడుతోంది ఆవిడ ఇక్కడ చేరి. ఏ ఏడాదికి ఆ ఏడాది పొడిగించే ఉద్యోగం. ప్రతి జూన్‌లోనూ ఈసారి ఉంటుందో ఊడుతుందో అని బెంగపడడం అలవాటైపోయి, ఇప్పుడు బెంగపడే ఓపిక కూడా పోయింది. ఈసారైతే ఉద్యోగం సంగతి జూన్ దాకా ఆగేట్టు లేదు. ఆవిడ చెప్పే ఈ సబ్జెక్టు పేపరు ఎవరికీ పనికి రావడం లేదు, తీసేద్దామా అని చూడడానికి శనివారం నాడు యూనివర్సిటీ కమిటీ వస్తోంది. పేపరు పోతే మైథిలి పోయినట్టే. పనికొస్తుంది అని చూపించడానికి కాలేజీ దగ్గర ఉన్నది తుమ్మలగూడ ఒక్కటే. మెట్ల దగ్గర ఆ ఊరి చెరువు బొమ్మతో నిలువెత్తు పోస్టరు కూడా కట్టేశారు.

ఆవిడ చేతిలో ఇంటర్నల్ పరీక్ష పేపర్లున్నాయి. మొదటి లెక్క క్లాసు మొత్తం తప్పు చేసింది. తప్పు చేస్తే చేశారు, అందరిదీ ఒకటే తప్పు. ఆఖరి బెంచీ నుంచి మొదటి బెంచీ దాకా ఒకే జవాబు. ఒకరి దాంట్లో ఒకరు చూసి రాశారని అందరికీ సున్నాలు చుట్టి తెచ్చింది.

"కనీసం కాపీ కొట్టేటప్పుడైనా సరైన వాడి దాంట్లో చూసి కొట్టండి నాయనా" అంది, పేపర్లు బల్ల మీద పడేస్తూ. తిట్టడానికి కూడా ఒంట్లో సత్తువ లేదు. "నేను అంత కష్టమైంది ఏమిచ్చాను? ఒక రైతుకు ఇంత భూమి ఉంది, ఇన్ని నీళ్ళున్నాయి, వరి ఎంత, పల్లి ఎంత. మూడో క్లాసు పిల్లాడు చేస్తాడు."

మొదటి బెంచీలో జడ్చర్ల కుర్రాడు దీక్షిత్ లేచాడు. "మేం కాపీ కొట్టలే మేడం. ఎవలది వాళ్ళమే చేసినం."

"అయితే అందరికీ ఒకటే తప్పు ఎలా వస్తుందయ్యా?"

"అది మాకు తెల్వది మేడం. మేమైతే కొట్టలే."

వీళ్ళతో వాదించడం కన్నా చేసి చూపించడమే నయమనుకుని మైథిలి చాక్‌పీసు తీసుకుంది. బోర్డు మీద రైతు భూమి అని రాసి, పక్కన 2.5 అని వేసింది.

"చదువు."

"రెండెకరాల అయిదు గుంటలు" అన్నాడు దీక్షిత్.

మైథిలి సరిగ్గా విన్నానా లేదా అనుకుంది. కింద వెల్డింగ్ వాడు అప్పుడే యంత్రం ఆపాడు గనక వినకపోవడానికి వీల్లేదు. క్లాసు వైపు తిరిగి చూసింది. ఒక్కడూ నవ్వలేదు. దీక్షిత్ తప్పు చదివితే క్లాసు నవ్వాలి కదా. వాళ్ళంతా తర్వాత ఏం రాస్తుందా అని బోర్డు వైపే చూస్తున్నారు.

"మళ్ళీ చదువు" అంది.

"రెండెకరాల అయిదు గుంటలు మేడం. అంటే మొత్తం ఎనభై అయిదు గుంటలు. అక్కడికెల్లి మొదలుపెట్టిన నేను."

"స్రవ్యా, నువ్వు చెప్పు. ఒకటి పాయింట్ ఐదు పెద్దదా, ఒకటి పాయింట్ ముప్ఫయ్ పెద్దదా?"

స్రవ్య ఇది కూడా ఒక ప్రశ్నేనా అన్నట్టు చూసింది. "ముప్పయ్యే పెద్దది మేడం. ఎకరం అయిదు గుంటలకంటే ఎకరం ముప్పై గుంటలు ఎక్కువనే గద."

మైథిలి చాక్‌పీసు బల్ల మీద పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. క్లాసులో ఆవిడ కూర్చోవడం ఈ పిల్లలు ఎప్పుడూ చూడలేదు.

ఆవిడది తెనాలి పక్క. అక్కడ ఎకరానికి నూరు సెంట్లు. రెండెకరాల ఇరవై సెంట్లుంటే చుక్క పెట్టి 2.20 అని రాసుకుంటారు, లెక్కల మాస్టారు చూసినా రైతు చూసినా దానికి అర్థం ఒకటే. హైదరాబాదు వచ్చాక భూమి కొలతలతో ఆవిడకు పనే పడలేదు. ఇక్కడ అందరూ గజాల్లో మాట్లాడతారు. ఎకరానికి నలభై గుంటలని ఆవిడకు తెలియకపోలేదు. ఎప్పుడో ఎక్కడో విని ఉంటుంది. కానీ ఆ చుక్కకు కుడిపక్కనున్నవి గుంటలని, ఈ వైపు ఊళ్ళలో 2.20 అని రాస్తే రెండున్నర ఎకరాలని ఆవిడకు తట్టనే లేదు.

ల్యాప్‌టాప్ తెరిచింది. తుమ్మలగూడ చెరువు కింద ఉన్న కమతాలన్నీ వరసగా ఉన్నాయి. చుక్కకు కుడిపక్కన పదకొండు, ఇరవై, ముప్ఫయ్యెనిమిది, ఆరు, ముప్ఫయ్యైదు. కిందికి, ఇంకా కిందికి జరుపుకుంటూ పోయింది. నలభై లేదు. యాభై లేదు. తొంభై అసలే లేదు. ఎంత వెతికినా చుక్క తర్వాత ముప్ఫయ్యొమ్మిది దాటిన అంకె ఒక్కటంటే ఒక్కటి కనబడలేదు. లెక్కల మేడంకి ఈ సంగతి ఆర్నెల్లుగా కనబడలేదంటే ఏం చెప్పాలి. చెప్పడానికేం లేదు, సిగ్గుతో చచ్చిపోయింది.

మొదటి మళ్ళు పెద్ద కమతాలు, మూడెకరాలు, నాలుగెకరాలు, చుక్క తర్వాత పెద్దగా ఏం లేవు. కొస మళ్ళన్నీ అన్నదమ్ములు పంచుకుని పంచుకుని మిగిలినవి. ఎకరం ముప్ఫయ్, ఎకరం ముప్ఫయ్యెనిమిది. అంటే దాదాపు రెండెకరాల మడిని ఆవిడ ఎకరం చిల్లర కింద జమ కట్టింది. అలా మొత్తం మీద ఇరవై ఎకరాలకు పైగా భూమి కంప్యూటర్‌లోకి ఎక్కనే లేదు. ఎక్కని భూమి కూడా నీళ్ళు తాగుతుంది కదా. మిగులుతాయన్న నీళ్ళు ఎప్పుడూ లేవు. లేని నీళ్ళను ఎవరూ తినలేదు.

"ఆర్నెల్లుగా నేను మీ ముందు వీటిని రెండు పాయింట్ రెండు, ఒకటి పాయింట్ మూడు అని చదువుతున్నాను" అంది మైథిలి, తల ఎత్తకుండా. "ఒక్కళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

ఆఖరి బెంచీలోంచి ఒక గొంతు వచ్చింది. "గుంటల్ని ఇంగ్లీషుల పాయింట్ అంటరేమో అనుకున్నం మేడం."

భాగ్యశ్రీ. తుమ్మలగూడ ఆ అమ్మాయి ఊరే. కమతాల వివరాలన్నీ ఇల్లిల్లూ తిరిగి తెచ్చిందీ ఆ అమ్మాయే. మూడు రోజులుగా క్లాసుకు రాక, ఇవాళ వచ్చి, వచ్చినప్పటి నుంచీ గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మీరు మాకంటే పెద్ద సదువు సదివిండ్రు. మీరు పాయింట్ అంటే మేము మనసుల గుంట అనుకొని రాసుకున్నం. మీరు తప్పు చదువుతున్రని మాకెట్ల ఎర్క?" అని లేచి నిలబడింది. "లెక్క తప్పయిందా మేడం?"

"తప్పయిందమ్మా."

"అంటే మా మామ నీళ్ళు మలుపలే."

మైథిలి ఉలిక్కిపడింది. "మామ ఎవరు?"

"సోమయ్య. మా అమ్మకు సొంత తమ్ముడు. పక్కన కోళ్ళ ఫారం ఉంటది, దానికి నీళ్ళు మలిపి అమ్ముకున్నడని ఊరంత అంటున్రు. మా అత్త బోరింగ్ కాడికి పోతే బిందె పక్కకు జరుపుతున్రు. రేపు పొద్దుగాల పంచాయితీ ఉన్నది. చెరువుకట్ట మీదికి మళ్ళ రావద్దని తీర్పు చెప్తరట." ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు, అదే మైథిలికి ఎక్కువ బాధనిపించింది. "మీరు ఫోన్ల ఆ మాట అన్నప్పుడు నేను ఆడనే ఉన్న మేడం. మా మామ పక్కనే కూసున్న."

మైథిలి ఫోను కోసం సంచిలో చెయ్యి పెట్టింది. అది కూడా వెంటనే దొరకలేదు.

అప్పుడే తలుపు దగ్గర విశ్వేశ్వర్ కనబడ్డాడు. డిపార్ట్‌మెంటు హెడ్డు. షాద్‌నగర్ వైపు మనిషే, మలక్‌పేటలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాడు. మైథిలి ఉద్యోగాన్ని ఏటేటా ట్రస్టు వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి పొడిగించింది ఈయనే. మంచివాడు. ఎక్కువ మాట్లాడడు. పిల్లలందర్నీ ఒకసారి చూసి, "మీరు పోయి చాయ్ తాగి రాండ్రి" అన్నాడు. పిల్లలు వెళ్ళారు. భాగ్యశ్రీ వెళ్ళలేదు. ఆయన రెండోసారి చెప్పలేదు.

"బయటికెల్లి విన్న మేడం" అన్నాడు. "ఎవలకి ఫోన్ చేస్తున్రు?"

"తుమ్మలగూడకు. రామచంద్రరావు గారికి."

"జర ఆగుండ్రి. ఎల్లుండి కమిటీ వస్తది. చూసి పోతది. ఆ మర్నాడు చేద్దురు."

"పంచాయితీ రేపు పొద్దున్న సార్."

"పంచాయితీ ఏంది మేడం, ఇయ్యాల తీర్పు చెప్తరు, నెలకు మార్చుకుంటరు. కమిటీ గట్ల కాదు. ఒక్కసారి పేపర్ తీసేసిన్రంటే మళ్ళ రాదు, దాని ఎనక కోర్సే పోతది. మీరు, నేను, ఇద్దరు పార్ట్‌టైమోళ్ళు, నలుగురం బజార్ల పడ్తం." ఆయన గొంతు తగ్గించాడు. "నేనేం ఆయన్ని ముంచుమంటలేను. ఆదివారం నేనే స్వయంగ ఊరికి వస్త. లెక్క మళ్ళ చూసినం, నీరటి తప్పు లేదని చెప్త. మంచి మర్యాదతోని కుర్సీ వేసి కూసోబెడ్దాం ఆయన్ని."

నిజం చెప్పాలంటే మైథిలికి ఆ మాట హాయిగా వినబడింది. ఆదివారం. ఈలోగా ఇంటికి వెళ్ళి, ఫ్యాను వేసుకుని, పడుకోవచ్చు. ఎవరితోనూ ఏదీ ఒప్పుకోనవసరం లేదు. యాభయ్యో ఏట కొత్త ఉద్యోగం ఎవడిస్తాడు, ఎక్కడని తిరుగుతుంది? ఆగితే ఏమవుతుంది, మూడు రోజులేగా. ఇవన్నీ ఆవిడ అనుకుంది. అనుకుంటున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది, అయినా అనుకుంది.

భాగ్యశ్రీ బతిమాలలేదు. బోర్డు దగ్గరకు వెళ్ళి, డస్టరు తీసుకుని, ఇంకొక క్లాసు వాళ్ళు వస్తారేమో అన్నట్టు ఆ 2.5ని తుడిచేసి, సంచి భుజానికి తగిలించుకుంది.

"బండి ఎన్ని గంటలకమ్మా?" అంది మైథిలి.

"ఇప్పుడే ఉన్నది మేడం. పోత."

"ఆగు. ఫోన్ చేశాక పోదువు."

విశ్వేశ్వర్ "మేడం" అన్నాడు. మైథిలి ఆయన వైపు చూడకుండానే నంబరు నొక్కింది. చూస్తే చెయ్యలేనని తెలుసు.

రామచంద్రరావు రెండో రింగుకే ఎత్తాడు. "నమస్తే మేడం. చెప్పుండ్రి."

"మొన్నటిలాగే స్పీకర్‌లో పెట్టండి. పక్కన ఎవరున్నా వినాలి" అంది మైథిలి, తనూ స్పీకర్ నొక్కుతూ. గొంతు నొప్పిగా ఉన్నా గట్టిగానే మాట్లాడింది. "మా లెక్క తప్పండి. తప్పు నాది. మీ గుంటల్ని నేను గుంటలుగా చదవలేదు. చెరువులో నీళ్ళు ఎవరూ మలపలేదు. కొస మళ్ళకు వరి వేయమని చెప్పకూడదు, నేను చెప్పాను. సోమయ్య గారికి దీంతో ఏ సంబంధం లేదు."

అవతల రామచంద్రరావు ఇబ్బందిగా దగ్గాడు. "గిప్పుడు చెప్తున్రేంది మేడం? అయిపోయిందాయె. సోమయ్య ఒప్పుకున్నడు."

"ఏం ఒప్పుకున్నాడు?"

"నీళ్ళు తనే మలిపినని. ఇయ్యాల పొద్దుగాల నలుగుర్ల చెప్పిండు. రేపు పంచాయితీ ఉత్త మాటకే. గీన్నే ఉన్నడు, మాట్లాడుండ్రి."

భాగ్యశ్రీ బల్ల దగ్గరకు వచ్చేసింది. ఫోను చేతులు మారిన చప్పుడు, తర్వాత ఒక మగ గొంతు, నెమ్మదిగా, మర్యాదగా. "మేడం, దండాలు. మీ లెక్క కరెక్టే. మీరు మా కోసం మాట పడొద్దు. నీళ్ళు నేనే మలిపిన."

"సోమయ్య గారూ, అక్కడ నీళ్ళు మిగలనే లేదు. లేని నీళ్ళు మీరు ఎలా మలుపుతారు?"

"మీ లెక్క కరెక్టే మేడం" అన్నాడాయన మళ్ళీ.

"మామా" అంది భాగ్యశ్రీ. ఫోను మైథిలి చేతిలోంచి తీసుకుంది. "ఎందుకట్ల ఒప్పుకున్నవు?"

"నువ్వు ఆడనే ఉన్నవా బిడ్డ?" అన్నాడు సోమయ్య. "నీకెందుకు, నువ్వు సదువుకో. లెక్క తప్పని తేలితే ఆ లెక్క తెచ్చిన పిల్లదే తప్పంటరు గదా. నీ పరీక్ష ఆపుతరట. రెండేండ్ల సదువు పోతదట. నాకేముంది, ఇయ్యాల కాకుంటే రేపు కట్ట దిగేటోన్నే."

"నా పరీక్ష ఆపుతరని నీకెవలు చెప్పిన్రు?"

"మీ కాలేజి నుంచే, నిన్న రాత్రి ఫోన్ చేసిండు ఒక సారు. పేరు చెప్పలే. మంచిగనే మాట్లాడిండు. మన దిక్కు మాటే, మనోడే అనిపిచ్చిండు."

ఆ డిపార్ట్‌మెంటులో ఆ దిక్కు మాట మాట్లాడే సారు ఒక్కడే. భాగ్యశ్రీ ఫోను బల్ల మీద పెట్టింది, లైను అలాగే ఉంది. మైథిలి తల తిప్పింది. విశ్వేశ్వర్ మొదటి బెంచీ మీద, దీక్షిత్ కూర్చునే చోట కూర్చుని, కళ్ళజోడు తీసి, రెండు వేళ్ళతో కళ్ళు నొక్కుకుంటున్నాడు.

నిన్న రాత్రి. తనకు ఆ తప్పు తెలిసింది ఈ మధ్యాహ్నం. మైథిలికి ఆ రెండూ కలిపి చూసుకోవడానికి కొంత టైము పట్టింది.

"సార్" అంది. "లెక్క తప్పని మీకు ముందే తెలుసా?"

ఆయన తల ఊపాడు.

"ఎప్పటినుంచి?"

విశ్వేశ్వర్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. మైథిలి వైపు కాదు, భాగ్యశ్రీ వైపు చూశాడు.

"నాట్లు పడకముందే" అన్నాడు.